తెల్ల పొర

పేరుకోవాలి, అంతే. దానికి మనిషి చేయగలిగింది ఏమీ లేదు. కలియబెట్టకూడదు, కదపకూడదు, చేతులు ఊరుకోవడం లేదని పదే పదే వేలు పెట్టి చూడకూడదు. సూరత్ కోసాడ్ కాలనీలో, నాలుగో అంతస్తులో, వంటగది ఎక్కడ అయిపోయి పడకగది ఎక్కడ మొదలైందో చెప్పలేని ఇంట్లో నీరజ గోడకు చేరగిలబడి కూర్చుంది. నేల మీద పరిచిన పాత చీర మీద వరసలుగా నిలబెట్టిన గాజు గ్లాసుల్లోకి చూస్తోంది. అడుగున బిస్కెట్ పొడి, అది ఇసుకట. దాని మీద కొబ్బరి పాల తెల్ల పొర, అది నురగట. ఈ తెల్లది పేరుకున్నాక మామిడి, ఆ పైన అనాస పోస్తే అది సాయంత్రపు ఎండట. ఈ ‘అట’లన్నీ ప్రణీతగారివి. పాల్ అనే పేట వైపు పెద్ద అపార్ట్‌మెంట్లో ఉంటుంది, కంప్యూటర్ ఉద్యోగం, కూతురి పుట్టినరోజుకు సముద్రతీరం పార్టీ అని పేరు పెట్టింది. వచ్చేవాళ్ళంతా పూల చొక్కాలు వేసుకుని రావాలట, మేడ మీద నిజం ఇసుకే పోయిస్తుందట. "గ్లాసులో సముద్రం కనపడాలండీ నీరజగారూ, పిల్లలు రెండేళ్ళ నుంచి ఇంట్లోనే మగ్గిపోయారు" అంది ఫోన్లో. అలాగేనండీ అంది నీరజ. కనపడేవన్నీ ఇప్పుడు కూడా చేయగలదు. కనపడని దాని సంగతే ఆవిడకు చెప్పలేదు.

పోయిన ఏప్రిల్ నుంచి నీరజ ముక్కు ముక్కుగా పనికిరావడం మానేసింది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, నీరసం కూడా వానలు మొదలయ్యేసరికి సర్దుకుంది, వాసన మాత్రం తిరిగి రాలేదు. కొందరికి ఆలస్యంగా వస్తుంది, రోజూ లవంగం, నిమ్మతొక్క, కాఫీ పొడి ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చమన్నాడు డాక్టరు. పీల్చింది. లవంగం ముక్కులో గుచ్చుకుంది, అంతకు మించి ఏమీ జరగలేదు. నాలుకకు తీపి తెలుస్తుంది, ఉప్పు తెలుస్తుంది, కారం మండుతుంది. మామిడికీ అనాసకూ తేడా మాత్రం కళ్ళు చెప్పాల్సిందే. కొన్నాళ్ళకు అడిగినవాళ్ళందరికీ జవాబు చెప్పలేక, వచ్చేసిందని చెప్పేసింది. మిఠాయి చేసి అమ్ముకునే మనిషికి వాసన తెలియదంటే ఇంకెవరు కొంటారు? అత్తమ్మకూ అదే చెప్పింది. రాజమ్మ ఊఁ అంది. ఆ తర్వాత నుంచి పొయ్యి మీద పాలు పెడితే చాలు, ఏదో పని ఉన్నట్టు వచ్చి వంటింట్లో నిలబడుతుంది. కొడుకు పోయాక కోడలి చేతి మీద నమ్మకం కూడా పోయింది కాబోలు అనుకుని నీరజ లోపల్లోపల ఉడుక్కుంటుంది. అల్మరాలో, ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి కట్టిన చొక్కా ఒకటి ఉంది, ఆస్పత్రికి వెళ్ళే ముందు మొగుడు ఉమాకాంత్ విప్పిన చొక్కా, ఉతకనిది. అతను నడిపే మరమగ్గాల, సాంచెల నూనె, చెమట, జేబులో తంబాకు పొడి, అన్నీ అందులోనే ఉన్నాయని తెలుసు. తెలిసి ఏం లాభం. సంచి విప్పితే ఆ వాసన తనకు అందకుండానే గాలిలో కలిసిపోతుందేమోనని ఇంతవరకూ విప్పలేదు.

గ్లాసుల అంచుల మీద ఎండ పడింది. లేచి కిటికీకి టవలు అడ్డం కట్టింది. ఈ గ్లాసులు ఉమాకాంత్ కొన్నవే. మొదటి లాక్‌డౌన్లో సచిన్ పారిశ్రామికవాడలో సాంచెలు ఆగిపోయి, పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి మొగుడు పొద్దస్తమానం ఇంట్లో కూర్చున్నప్పుడు, చేసే పని లేక, తిట్టుకోవడానికి కూడా కొత్త కారణాలు దొరక్క, ఫోన్లో చూసి చేసింది ఈ పొరల మిఠాయి. చైనా గ్రాస్ పొట్లం చూసి అతను పడీ పడీ నవ్వాడు. "చైనా నుంచి వచ్చింది సాలదా, ఇంక చైనా గడ్డి గూడ తినాల్నా" అన్నాడు. అంగట్లో దొరికే రెండో పొడి ఎముకల్లోంచి తీస్తారట, ఇక్కడివాళ్ళు ముట్టరు, ఇది సముద్రపు నాచు అని చెప్పింది. అయితే ఇంకా మంచిదే అని రెండు గ్లాసులు తిన్నాడు. మొదట్లో పొరలు నిలిచేవి కావు. తెల్లది పచ్చిగా ఉన్నప్పుడు మామిడి పోస్తే రెండూ కలిసిపోయేవి, బాగా గట్టిపడ్డాక పోస్తే చెంచా తగలగానే పై పొర జారి పక్కకు పోయేది. జారినప్పుడల్లా అతను గ్లాసు ఎత్తి పక్క నుంచి చూసి, "పోగు మీద పోగు పెట్టినవ్ గని నేత పడలేదే" అనేవాడు. నేత పడాలంటే వేలికి అంటకూడదు, కానీ వేలి గుర్తు పడాలి. ఆ సందు చిన్నది. దాన్ని పట్టుకోవడం నేర్చుకునేసరికి కాలనీలో సగం మంది తిన్నారు, తర్వాత ఫోన్ గుంపుల్లో ఫోటోలు తిరిగాయి, తర్వాత నది అవతల అపార్ట్‌మెంట్ల నుంచి పిలుపులు వచ్చాయి. అతను బండి వెనక డబ్బా కట్టుకుని, రోడ్డు మీద గుంత కనపడితే దిగి నడిపించుకుంటూ వెళ్ళేవాడు. సాంచెలు మళ్ళీ నడిచినా ఆదివారాలు మానలేదు. పెళ్ళయిన కొత్తలో డుమస్ తీరానికి తీసుకెళ్ళి, ఇదే సముద్రం, ఇసుక నల్లగుందని భయపడకు, మన సూరత్ ఇసుక గంతే అని, టమాటా భజియా తినిపించిన మనిషి. ఈ బిస్కెట్ ఇసుక చూస్తే ఏమనేవాడో. ఏదో ఒకటి అనకుండా మాత్రం ఉండేవాడు కాదు.

కొబ్బరికాయలు కూడా అతని పనే. అసలు చిక్కంతా అక్కడే ఉంది. కాయ కొట్టగానే చిప్ప ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చి, బాగుంటేనే గిన్నెలో వేసేవాడు. ఒక్క కాయ మురిగినా మొత్తం పాలు పోతాయి కనుక ప్రతి కాయకూ ఈ పరీక్ష తప్పదు. పాస్ అనేవాడు. ఫెయిల్ అని ఒకటి రెండుసార్లు కిటికీ అవతలికి విసరబోతే కింద జనం ఉన్నారని తను చెయ్యి పట్టుకుంది. ఈ పొద్దున కాయలన్నీ తనే కొట్టింది. కొట్టి, అలవాటు కొద్దీ ప్రతి చిప్పా ముక్కు దగ్గర పెట్టుకుంది కూడా. చల్లగా తగిలింది. అంతే. తెల్లగా ఉందా, జిగట లేదా అని చూసి గిన్నెలో వేసింది. అన్నీ కోరి, పిండి, కాచి, గ్లాసుల్లో పోసేశాక, చిప్పలు సంచిలో వేస్తుంటే ఒక చిప్ప కన్ను దగ్గర తడి కనిపించింది. కన్ను తడిస్తే కాయ మురిగిందని లెక్క. కానీ కడిగిన నీళ్ళు కూడా కావచ్చు. పక్కనే బకెట్ ఉంది మరి. ఆ కాయలో నీళ్ళు తక్కువగా ఉన్నట్టు గుర్తు, ఆ కాయలోనేనా, ఇంకో కాయలోనా. చెంచాతో పాలు రుచి చూసింది, తీపిగా ఉన్నాయి. పంచదార వేసినది తీపిగా ఉండక ఏం చేస్తుంది. పక్కింటి ఊర్మిళాబెన్ ఉంటే ఏదో సాకు చెప్పి ఒక చెంచా పెట్టేది. ఆవిడ కూతురి దగ్గరికి కడోదరా వెళ్ళింది. మధ్యాహ్నం దాటితే ప్రణీతగారి కారు వస్తుంది. పిల్లలు, పూల చొక్కాలు, ఇసుక. ఒక్క బిడ్డ వాంతి చేసుకున్నా చాలు, ఈ రోజుల్లో వాంతి అంటే ఊరంతా హడలిపోతుంది, ఇక పెద్ద అపార్ట్‌మెంట్ల నుంచి తనను పిలిచేవాళ్ళు ఉండరు. మనిషి పోయాక వచ్చిన మొదటి పని ఇది. సాంచెలు ఆడే ఖాతా షెడ్డుకు వెళ్ళే ఓపిక అత్తమ్మకు లేదు, తను వెళ్ళి నూలు కండెలు చుట్టినా ఇద్దరి తిండికి రాదు. ఈ చేతి పని నిలబడాలి, ఈ తెల్ల పొర మంచిదై ఉండాలి, ఇంకో దారి లేదు.

మంచిదే. ఎందుకంటే ఉమాకాంత్ కోసం చేసిన ఆ రోజు కూడా ముక్కు లేదు, ఆ రోజు కూడా తనే కొట్టింది కాయ, ఆ రోజు మిఠాయి బాగానే ఉంది. తలుచుకోకూడదనుకుంటూనే మళ్ళీ అక్కడికే వచ్చింది మనసు, వేరే తోవ తెలియనట్టు. ఆస్పత్రి నుంచి చివరిసారి ఫోన్ చేసినప్పుడు మాట సగం గాలిలోనే పోతూ ఉంది. "ఇంటికొచ్చినంక గ్లాసు మిఠాయి చెయ్యి, నోరంత చేదున్నది" అన్నాడు. సరే అంది. ఏం మాట్లాడాలో తెలియక, కొబ్బరి ఎక్కువ వేయనా తక్కువ వేయనా అని అడిగింది. అటు నుంచి దగ్గు వినిపించింది. ఎక్కువా తక్కువా చెప్పకుండానే ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత ఇంకో గొంతు ఫోన్ చేసింది, ఉమాకాంత్ ఇంటివాళ్ళేనా అని హిందీలో. ఇంటికి తేలేదు. తను చూడలేదు. శ్మశానాల్లో వరసలు కట్టి నిలబడిన రోజులు అవి, చూసినవాళ్ళు అదృష్టవంతులో కానివాళ్ళో ఇప్పటికీ తెలియదు.

వాళ్ళలో మనిషి పోయాక పిట్టకు పెడతారు. అన్నం, పోయినవాడికి ఇష్టమైనవన్నీ ఆకులో వడ్డించి, బయట పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముడితే పోయినవాడికి తృప్తి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. అప్పుడు ఇంటివాళ్ళు ఒక్కొక్కరే ముందుకు వచ్చి, నీ ఇల్లు చూసుకుంటాం, నీ పెళ్ళాన్ని చూసుకుంటాం అని మాట ఇస్తారు, పిట్ట వచ్చేదాకా ఇస్తూనే ఉంటారు. నీరజకు జ్వరం, నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. అయినా గ్లాసు మిఠాయి నేనే చేస్తానని మొండికేసింది. దేవుడి అరలో మిగిలిన ఒక్క కొబ్బరికాయ, డబ్బాలో మామిడి గుజ్జు. కాసేపు కూర్చుని, కాసేపు పడుకుని చేసింది. పోయినవాళ్ళకు పెట్టేది ముందుగా ఎవరూ నోట్లో వేసుకోకూడదు, ఎంగిలి. అందుకని రుచి చూడలేదు, చూసినా తెలిసేది కాదు. రాజమ్మకూ జ్వరమే కానీ ఆవిడది కాస్త నయం. ఆకు ఒక చేత్తో, గ్లాసు ఒక చేత్తో పట్టుకుని మేడ మీదికి వెళ్ళింది, వెనక నీరజ బాబాయి సోమలింగం మూతికి రుమాలు కట్టుకుని దూరం దూరంగా మెట్లెక్కాడు. తను కింద చాప మీద పడుకుని పైకప్పు వైపు చూస్తూ ఉంది. ఎంత సేపో తెలియదు. జ్వరంలో కాలం ఎటు పోతుందో తెలియదు కదా. బాబాయి ముందే దిగి వెళ్ళిపోయిన చప్పుడు, ఆ తర్వాత చాలా సేపు ఏ చప్పుడూ లేదు. చివరికి రాజమ్మ వచ్చింది, కొంగుతో మూతి తుడుచుకుంటూ చాప పక్కన కూర్చుంది. "ముట్టింది బిడ్డా" అంది. "అన్నమా?" అని అడిగింది తను. "కాదు. ముందుగాల గ్లాసే ముట్టింది" అంది.

ఆ ఒక్క మాట మీద ఈ పది నెలలు నడిచాయి. మొగుడికి నీళ్ళు పట్టించలేదు, తలకొరివి దగ్గర నిలబడలేదు, ముఖం మీది గుడ్డ తొలగించి చూడలేదు, అన్నీ లేదు లేదు లేదు, కానీ గ్లాసు ముట్టాడు. అడిగినది పెట్టింది, తిన్నాడు. రాత్రి నిద్ర రానప్పుడు ఆ గ్లాసు మీద వాలిన కాకిని తనే ఊహించుకునేది, తెల్ల పొర దాకా ముక్కు ముంచి తలెత్తి చూసే కాకి. ఏడ్పు వచ్చేది, కానీ ఆ ఏడ్పులో కాస్త ఊపిరి ఆడేది. ఇప్పుడు కూడా అదే ధైర్యం. ముక్కు లేకుండా చేసినది పిట్ట ముట్టింది కదా, కాకి కూడా మురిగింది ముట్టదు కదా. ముడుతుందా? చెత్తకుండీల మీద వాలేవి ఏం తింటాయో రోజూ కళ్ళారా చూస్తూనే ఉంది. ఛీ, అలా అనుకోకూడదు. అది కాకి కాదు ఆ రోజు.

వేలు పెట్టి చూసింది. అంటలేదు, గుర్తు పడింది. ఇదే సందు. ఇప్పుడు మామిడి పోయాలి, ఇప్పుడు పోయకపోతే నేత పడదు. పొయ్యి మీద మామిడి గోరువెచ్చగా సిద్ధంగా ఉంది. గరిటె తీసుకుని మొదటి గ్లాసు మీదికి వంచబోయి ఆగింది. చిప్ప కన్ను దగ్గరి తడి. బకెట్ ఇటువైపు ఉంది, చిప్పలు అటువైపు. నీళ్ళు అంత దూరం చిందుతాయా?

బాల్కనీలో రాజమ్మ పాప్డీ చిక్కుడు కాయలు ఒలుస్తూ కూర్చుంది. ఈ పార్టీ పని ఒప్పుకున్న రోజు ఇద్దరికీ మాటలు పడ్డాయి. "ఈ యేడు మనకు పండుగ లేదు, ఇంట్ల తీపి ఎట్ల చేస్తవ్" అని ఆవిడ, "గిది పండుగ గాదు అత్తమ్మా, పని" అని తను.  ఏడాది మాసికం పెట్టేదాకా తీపి ముట్టనని ఆవిడ మొదటి రోజునే చెప్పింది, చాయ్‌లో కూడా పంచదార వేసుకోదు. అలాంటి మనిషిని ఇప్పుడు ఏమని అడగాలి. అడిగితే రెండు ఒప్పుకోవాలి, ముక్కు రాలేదని ఒకటి, రాకుండానే వచ్చిందని చెప్పానని ఒకటి. గరిటె గిన్నెలో పెట్టేసింది. గ్లాసు ఒకటి, చెంచా ఒకటి తీసుకుని బాల్కనీలోకి వెళ్ళి ఆవిడ ముందు కూర్చుంది.

"అత్తమ్మా, జర గిది నోట్లె ఏసుకొని చెప్పవా."

రాజమ్మ గ్లాసు వైపు చూసింది, కోడలి ముఖం వైపు చూసింది. ఎందుకని అడగలేదు.

"ఏడాది గాలే బిడ్డా."

"ఎర్కే. ఇంకెవ్వరు లేరు. నాకు వాసన..." అని ఆగిపోయింది నీరజ.

"రాలే. నాకు ఎర్కనే. పాలు మాడినా నీకు తెల్వదు" అంది రాజమ్మ, అది రోజూ చెప్పుకునే విషయమే అన్నట్టు. చేతులు కొంగుకు తుడుచుకుంది. గ్లాసు అందుకుని, కొడుకు పేరు లోపల తలుచుకుందో ఏమో ఒక క్షణం కళ్ళు మూసుకుని, తెల్ల పొరలోంచి చెంచా కొనతో కాస్త తీసి నోట్లో పెట్టుకుంది. మింగింది. కాయల తొక్కు పక్కకు జరిపి గ్లాసు కింద పెట్టింది.

"మురిగింది బిడ్డా. కాయ మంచిది గాదు. పొయ్యకు మామిడి."

  నీరజకు ఏడుపు రాలేదు. చిప్ప కన్ను దగ్గరి తడి నిజమే అయితే, అనుకుంటూ ఉంటే ఆ వెనకే ఇంకో ఆలోచన వచ్చింది, అది వచ్చాక ప్రణీతగారు, కారు, పార్టీ అన్నీ వెనక్కి వెళ్ళిపోయాయి.

"ఆనాడు గూడ గిట్లనే చేసిన కద అత్తమ్మా. ఆ కాయ మంచిదేనా?"

రాజమ్మ మళ్ళీ కాయలు చేతిలోకి తీసుకుంది. ఒలవలేదు.

"గ్లాసే ముట్టింది అంటివి" అంది నీరజ. "నువ్వే చెప్తివి గద."

"మెట్ల మీదనే వాసనొచ్చింది నాకు. మళ్ళ చెయ్యిమంటే నీకు పానం లేకుండె. ఇంట్ల ఇంకో కాయ గూడ లేకుండె." రాజమ్మ గొంతు మామూలుగానే ఉంది, చేతులు మాత్రం ఆగిపోయి ఉన్నాయి. "శానసేపు నిలవడ్డం. ఒక్క పిట్ట రాలే. మీ బాబాయి మాటియ్యి వదినా అన్నడు. ఇచ్చిన. ఏమేమి మాటలున్నయో అన్ని ఇచ్చిన. రాలే. ఎండకు ఆగలేక ఆయన దిగిపోయిండు. ఆడు నోరు తెర్చి అడిగిండట, నువ్వు పండుకొని లేచి చేసినవ్. దాన్ని ఎట్ల పారబోస్త?"

నీరజకు అర్థం కాలేదు. అర్థం కాకుండా ఉంటే బాగుండునని కూడా అనిపించింది.

"నేను పిట్ట అన్లే బిడ్డా. ముట్టింది అన్న. కన్నతల్లి ముట్టింది. అడుగు దాంక తిన్న."

ఎవరు ముట్టిందని ఆనాడు నీరజ అడగలేదు. అడగవలసిన మాటగా తోచలేదు. ఆ మర్నాడు రాజమ్మ వాంతులు చేసుకుంటూ మూలన ముడుచుకు పడుకుంటే, ఆవిడకూ రోగం ముదిరిందని హడలిపోయి, తన జ్వరం మాత్రలు సగం విరిచి మింగించింది.  కోడలి చెయ్యి పట్టుకుని నీళ్ళు తాగింది.

"లే" అంది రాజమ్మ, మోకాలి మీద చెయ్యి వేసి లేస్తూ. "గ్లాసులు కడుగు. నేను పోయి కాయలు తెస్త, ఈపాలి నేను వాసన చూస్త. కారు వచ్చినా జర ఆగుతది తియ్." మేకుకు తగిలించి ఉన్న సంచీ తీసుకుని, మూతికి రుమాలు కట్టుకుని, చెప్పులు వేసుకుంది. చెప్పుల చప్పుడు మెట్ల మీద ఒక్కొక్కటిగా కిందికి వెళ్ళింది.

నీరజ లేవలేదు. కాయల తొక్కు పక్కన గ్లాసు అలాగే ఉంది, అత్తమ్మ చెంచా తీసిన చోట చిన్న గుంత. అదే చెంచా తీసుకుని, ఆ గుంతలోనే ముంచి, నిండుగా తీసి నోట్లో పెట్టుకుంది. తీపిగానే ఉంది.